దశమభాగం ఇచ్చాక మేనత్త బాధ్యత తీరిపోతుందా?

ప్రశ్న: మాది రాయగడ. మా వారు తెలుగు క్రైస్తవ సంఘంలో పెద్ద. వారి మేనత్తకు పిల్లలు లేరు, భర్త పోయాక గుణుపూర్‌లో ఒంటరిగా ఉంటున్నారు. ఆమెకు డెబ్బై రెండేళ్లు. చూపు మసకబారి వంట చేసుకోలేకపోతున్నారు, ఒడియా అంతంతమాత్రం. చిన్నప్పుడు మా వారిని ఐదేళ్లు తన ఇంట ఉంచుకొని చదివించింది ఆమే. ఇప్పుడు మా వారు, "ఆదాయంలో పదోవంతు దశమభాగంగా సంఘానికి ఇస్తున్నాను, విధవరాళ్లను సంఘం చూసుకోవాలి, లేదా భువనేశ్వర్ ఆశ్రమంలో చేర్పిద్దాం" అంటున్నారు. ఇంటికి తెచ్చుకోవాలంటే నాకూ భయమే. చాకిరీ అంతా నా మీదే పడుతుంది.

జవాబు: సోదరీ, మీ భయాన్ని దాచకుండా రాసి మంచిపని చేశారు.

మీ వారి మాటకు బైబిలు వాక్యంలో సూటిగానే సమాధానం ఉంది. తిమోతికి రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయంలో, స్వకీయులను సంరక్షించనివాడు అవిశ్వాసికన్న చెడ్డవాడని 8వ వచనం చెబుతుంది. బంధువులున్న విధవరాలి భారం సంఘం మీద పడకూడదని, ఆ సహాయం నిజంగా దిక్కులేనివారికి అందాలని 16వ వచనం కారణంతో సహా చెబుతుంది. తల్లిదండ్రులకు అందవలసినదాన్ని "కొర్బాను", అంటే దేవార్పితం, అని చెప్పి తప్పించుకున్నవారిని యేసు మందలించిన సంగతి మార్కు సువార్త 7వ అధ్యాయంలో ఉంది. మేనత్త తల్లి కాదు కదా అని మీ వారు అనవచ్చు గానీ, ఐదేళ్లు అన్నం పెట్టి బడికి పంపిన మనిషిని ఏ వరసతో పిలిచినా అది తల్లి ఋణమే అని నేను నమ్ముతున్నాను.

ఆశ్రమంలో చేర్చడం పాపమని నేను అనను. అయితే తొలి సంఘంలో గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రకు అనుదిన పంపకంలో అన్యాయం జరుగుతోందన్న సణుగు పుట్టినప్పుడు, దాన్ని సరిదిద్దడానికి ఏడుగురిని ఏర్పరచారని అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో చదువుతాం. చూపు ఆనక, చుట్టూ మాట్లాడే భాష సరిగా తెలియక, తెలుగులో ప్రార్థన చేసేవారు లేని చోట ఆ పెద్దావిడ ఎంత ఒంటరిదవుతుందో ఒడిశాలో బతుకుతున్న మనకు ఒకరు చెప్పాలా?

ఇక మీ సంగతి. సంరక్షించడమంటే భార్య చేత చేయించడం కాదు. మందులు, ఆసుపత్రి, ఒక పూట వంట మీ వారివని ముందే నిర్ణయించుకోండి. వృద్ధ స్త్రీలను తల్లులుగా ఎంచమని అదే అధ్యాయం సంఘానికీ చెబుతోంది గనుక, వారానికి రెండు మధ్యాహ్నాలు ఆమె దగ్గర కూర్చొనమని స్త్రీల సమాజాన్ని మొహమాటం లేకుండా అడగండి.

అన్నిటికంటే ముందు కంటి డాక్టరుకు చూపించండి. ఆ మసక శుక్లాల వల్లనే అయితే ఆపరేషన్‌తో చూపు చాలావరకు తిరిగి రావచ్చు. ఒడిశా ప్రభుత్వం వృద్ధులకు, విధవరాళ్లకు ఇచ్చే మధుబాబు పింఛను అందుతోందో లేదో కూడా కనుక్కోండి.

మీ ఉత్తరంలో మీ వారి అభిప్రాయం ఉంది, మీ భయం ఉంది. ఆమె ఏమంటున్నారో మాత్రం లేదు. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక ఇద్దరూ గుణుపూర్ వెళ్లి, ఆమె పక్కన కూర్చొని అడగండి. తన ఇంట్లోనే ఉండి, వండిపెట్టే మనిషి ఒకరుంటే చాలని ఆమె అనవచ్చు.