విడాకుల డిక్రీ కాపీ కోసం వెతుకుతున్న మా అమ్మాయికి

అమ్మాయ్,

మీ అమ్మ ఫోన్ చేసి అంతా చెప్పింది. సంబంధం కుదిరింది, అబ్బాయి డాలస్‌లో ఉన్నాడు, వీసా కాగితాల్లో నీ మొదటి పెళ్లి రద్దయినట్టు కోర్టు డిక్రీ అడిగారు, నీ దగ్గర మొదటి పేజీ చిరిగిపోయిన ఒక జెరాక్స్ తప్ప ఏమీ లేదు. అంతేనా? ముందు సంబంధం కుదిరినందుకు నా ఆశీస్సులు. ఇక డిక్రీ కాగితం గురించి టెన్షన్ పడకు. కోర్టులో శిరస్తాదారుగా, అంటే ఆఫీసు పర్యవేక్షకుడిగా, రిటైరైనవాణ్ణి కాబట్టి ఈ కాగితం ఎలా వస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో నాకు తెలుసు. "ఇరవై వేలిస్తే ఇంటికి తెచ్చిస్తా" అన్న బ్రోకర్ నంబరు మీ అమ్మ దగ్గర ఉందట. అది తీసేయమని చెప్పు.

అసలు ఆ కాపీ నీకు ఆనాడే చేతికి రావలసింది. హిందూ వివాహ చట్టం 1955లో 23వ సెక్షన్ నాలుగో క్లాజు ప్రకారం విడాకుల డిక్రీ ఇచ్చిన కోర్టు ఇద్దరికీ చెరో కాపీ ఉచితంగా ఇవ్వాలి. చాలామందికి ఈ సంగతి తెలియదు, అడగరు. వకీలు ఆఫీసులో ఏదో ఫైల్లో పడి ఉంటుంది. మీ వకీలుగారు కాలం చేశారన్నారు కాబట్టి ముందు ఆయన గుమాస్తా ఎక్కడున్నాడో కనుక్కో. గుమాస్తాలు సాధారణంగా ఇంకో వకీలు దగ్గర చేరి అదే కోర్టులో తిరుగుతుంటారు. వకీలు కంటే గుమాస్తాకే ఫైళ్లు బాగా గుర్తుంటాయని నా నమ్మకం. పాత డైరీలో నీ పేరు ఎదురుగా కేసు నంబరు ఉంటే చాలు.

నంబరు దొరికితే సగం పని అయినట్టే. నీది విజయవాడ ఫ్యామిలీ కోర్టు కాబట్టి నంబరు ఎఫ్.సి.ఓ.పి. అనో, వట్టి ఓ.పి. (ఒరిజినల్ పిటిషన్) అనో, పక్కన ఏడాదితో ఉంటుంది. ఫ్యామిలీ కోర్టు లేని ఊళ్లలో సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో వేస్తారు, అక్కడ హెచ్.ఎం.ఓ.పి. (హిందూ వివాహ ఓ.పి.) అంటారు. గుమాస్తా దొరక్కపోతే ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లోగానీ ఫోన్ యాప్‌లోగానీ నువ్వే వెతకొచ్చు. రాష్ట్రం, జిల్లా, కోర్టుల సముదాయం ఎంచుకుని పార్టీ పేరుతో వెతుకు. ఇక్కడ అందరూ తడబడే చోట్లు రెండున్నాయి. ఒకటి, అక్కడ అడిగే ఏడాది కేసు రిజిస్టరైన ఏడాది, తీర్పు వచ్చిన ఏడాది కాదు. మీరు పిటిషన్ వేసింది 2015 చివర్లో, డిక్రీ వచ్చింది 2016లో అని మీ అమ్మ అంది, కాబట్టి రెండేళ్లూ చూడు. రెండోది, పెండింగ్ అని కాకుండా డిస్పోజ్డ్ (ముగిసిన కేసు) అని పెట్టాలి. పేరు మొత్తం కొట్టకు. లక్ష్మి అన్న పేరుని ఒక గుమాస్తా 'కె.ఎస్‌.హెచ్‌'తో కొడితే ఇంకొకడు 'ఎక్స్‌'తో కొడతాడు, ఇంటిపేరు ఒకడు ముందు పెడితే ఇంకొకడు వెనక పెడతాడు. పేరులో అనుమానం లేని నాలుగైదు అక్షరాలు మాత్రం ఇచ్చి చూడు. నీ పేరుతో రాకపోతే నీ మొదటి భర్త పేరుతో చూడు. దొరికాక ఆ కేసుకి గుర్తుగా ఉండే, అంకెలతో కలిపి పదహారు అక్షరాల సి.ఎన్‌.ఆర్‌. నంబరు కనిపిస్తుంది, దాన్ని ఫొటో తీసి దాచు. ఆ తర్వాత ఏ వెతుకులాటకైనా అదొక్కటే చాలు.

ఆర్డరు పీడీఎఫ్ అక్కడే దొరుకుతుందని ఆశ పెట్టుకోకు. భార్యాభర్తల కేసుల్లో చాలాసార్లు దాన్ని బయటికి కనపడనివ్వరు. హిందూ వివాహ చట్టంలోనే 22వ సెక్షన్ ఇలాంటి విచారణ గుప్తంగా జరగాలనీ, వివరాలు అచ్చువేయకూడదనీ అంటుంది. ఒకవేళ కనపడి డౌన్‌లోడ్ చేసుకున్నా అది నీ సమాచారానికే, వీసా వాళ్లకి పనికిరాదు.

నీలా ఊరు తెలిసినవాళ్ల పని సులువు. కేసు ఏ ఊళ్లో వేశారో కూడా తెలియనివాళ్లు చాలామంది వచ్చేవారు నా దగ్గరికి. వాళ్లని నేనడిగే ప్రశ్నలు ఇవే: పెళ్లి ఎక్కడ జరిగింది? చివరిసారి ఇద్దరూ కలిసి ఎక్కడ కాపురం ఉన్నారు? ఎదుటివాళ్లు అప్పుడు ఎక్కడ ఉన్నారు? భార్య వేసిన కేసైతే ఆమె అప్పటికి ఏ ఊళ్లో ఉంది? చట్టప్రకారం కేసు మామూలుగా ఈ చోట్లలోనే ఎక్కడో ఒకచోట పడాలి. హైకోర్టు ద్వారా కేసు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ట్రాన్స్‌ఫరైతే రెండో కోర్టులో కొత్త నంబరు పడుతుంది. ఇంకో చిక్కు తెలంగాణలో ఉంది. 2022 జూన్ 2 నుంచి అక్కడ న్యాయ జిల్లాలు 33 అయ్యాయి. అంతకుముందు కేసుల రికార్డు పాత జిల్లా కేంద్రంలో ఉందా, కొత్త కోర్టుకి వెళ్లిందా అని రెండు చోట్లా అడగాల్సి రావచ్చు. హైకోర్టు దాకా వెళ్లిన కేసైతే, 2019 జనవరి 1న రెండు తెలుగు రాష్ట్రాల ఉమ్మడి హైకోర్టు రెండుగా విడిపోయిందన్నది గుర్తుపెట్టుకోవాలి.

అసలు కోర్టు గడప తొక్కని విడాకులు వేరే కథ. పెద్దమనుషుల ముందు వంద రూపాయల బాండు పేపరు మీద సంతకాలు పెట్టి, నోటరీ ముద్ర కొట్టించుకుని, దాన్నే విడాకుల పత్రం అని పదేళ్లు బీరువాలో దాచుకున్నవాళ్లున్నారు. ఆచారం ఉన్న కులాల సంగతి వేరు, దాన్ని కోర్టులో రుజువు చేసుకోవాలి. మిగతావాళ్లకి ఆ కాగితం మీద పెళ్లి రద్దుకాదు, దానికి ఏ కోర్టులోనూ కాపీ పుట్టదు. అలాగే 498ఎ (అత్తింటి వేధింపుల) కేసు కొట్టేసిన ఆర్డరు, మెయింటెనెన్స్ ఆర్డరు, డీవీసీ (గృహహింస కేసు) ఆర్డరు, ఇవేవీ విడాకులు కావు. ఒక్కో నంబరు ఒక్కో కోర్టుది. మీ అమ్మ పంపిన ఫొటోల్లో రెండో కాగితం అలాంటిదే, దాన్ని పక్కన పెట్టు.

సరే, నంబరు దొరికింది. ఇప్పుడు కాపీ అప్లికేషన్ వేయాలి. దాన్ని కోర్టులో సి.ఎ. అంటారు. కేసు నంబరు, పార్టీల పేర్లు, తీర్పు తేదీ, ఏ కాగితాల కాపీ కావాలో రాసి, కోర్టు ఫీజు స్టాంపు అంటించి కాపీయింగ్ సెక్షన్‌లో ఇవ్వాలి. నువ్వు పార్టీవి కాబట్టి ఆధార్ జెరాక్స్ పెట్టి నువ్వే స్వయంగా వేయొచ్చు, వకీలే ఉండాలన్న రూలు లేదు. బెంగళూరు నుంచి తిరగలేనంటే అక్కడి వకీలు ఎవరికైనా వకాల్తా ఇవ్వు. బయటివాళ్లు అడిగితే మాత్రం కారణం చెప్తూ అఫిడవిట్ వేసి, జడ్జిగారి అనుమతి తెచ్చుకోవాలి. రేపు ఆ అబ్బాయి తరఫు వాళ్లు "మేమే తెప్పించుకుంటాం" అంటే, నువ్వే తెప్పించి చూపించడం తేలిక. ఆర్టీఐ పెట్టమని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. కోర్టు కాగితాల కాపీలు కోర్టు రూల్స్ ప్రకారమే తీసుకోవాలని సుప్రీంకోర్టు 2020 మార్చిలో తేల్చేసింది, ఆ దారిలో పోయి నెలలు పోగొట్టుకోకు.

అప్లికేషన్‌లో ఏం రాస్తావన్నది ముఖ్యం. "ఆర్డర్ మరియు డిక్రీ" రెండూ అని రాయి. ఆర్డరులో జడ్జిగారు ఏమన్నారో, ఎందుకన్నారో ఉంటుంది. డిక్రీలో ఫలానా తేదీన జరిగిన పెళ్లి రద్దయింది అన్న ఫలితం ఉంటుంది. ఒకటే తీసుకెళ్తే రెండోది అడుగుతారు, మళ్లీ మొదటి నుంచి తిరగాలి. రెండు సెట్లు కావాలని కూడా అప్పుడే రాయి. పాస్‌పోర్టులో భర్త పేరు తీయించుకోవడానికి కూడా ఇదే కాపీ అవసరం.

అప్లికేషన్ ఇచ్చి ఇంటికెళ్లి కూర్చుంటే రాదు. కేసు పాతది కాబట్టి ఫైలు రికార్డు రూమ్‌లో ఉంటుంది, అక్కడి నుంచి పైకి రావాలి. వచ్చాక పేజీలు లెక్కపెట్టి ఎంత ఛార్జీ కట్టాలో పిలుస్తారు, ఆ జాబితా నోటీసు బోర్డు మీద పెడతారు. నీకు ఎవరూ ఫోన్ చేయరు! గడువులోపు కట్టకపోతే అప్లికేషన్ కొట్టేస్తారు. జనం "ఆఫీసులో మా కాపీ తొక్కిపెట్టారు" అని తిట్టేవాటిలో చాలా భాగం ఈ బోర్డు చూడకపోవడం వల్ల వచ్చినవే. (అన్నీ కాదు, మావాళ్లని పూర్తిగా వెనకేసుకురాను.) అందుకే రోజూ కోర్టులో ఉండే గుమాస్తాని ఒకణ్ణి పెట్టుకోమంటాను. అతని శ్రమకి ఎంతో కొంత ఇవ్వడం న్యాయం. ఛార్జీ కట్టినదానికి మాత్రం లెక్క అడుగు. ఖర్చు భరించలేనివాళ్లకి ఇంకో దారి ఉంది: 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచిత సాయం దొరుకుతుంది. కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది.

మే నెలలో సివిల్ కోర్టులకి వేసవి సెలవులు. నీ వీసా తేదీ చూసుకుని ఏప్రిల్ మొదట్లోనే అప్లికేషన్ పడేలా చూడు.

కాపీ చేతికొచ్చాక కౌంటరు దగ్గరే నిలబడి చదువు. సిగ్గుపడకు. ప్రతి పేజీకీ ముద్ర ఉందా, చివర సర్టిఫై చేసిన సంతకం ఉందా, అప్లికేషన్ ఇచ్చిన తేదీ, ఛార్జీ పిలిచిన తేదీ, కట్టిన తేదీ, కాపీ సిద్ధమైన తేదీ వేశారా చూడు. తర్వాత అసలు సంగతి: నీ పేరు, మొదటి భర్త పేరు, తండ్రుల పేర్లు, పెళ్లి తేదీ, కేసు నంబరు. వీసా ఆఫీసరు పట్టుకునేది ఇక్కడే. పిటిషన్‌లో సరిగ్గా ఉండి డిక్రీ టైపు చేసినప్పుడు తప్పు పడితే సివిల్ ప్రొసీజర్ కోడ్ 152వ సెక్షన్ కింద సవరణ పిటిషన్ వేస్తే దిద్దుతారు. ఎన్నేళ్లయినా వేయొచ్చు. కానీ నీ విషయంలో పిటిషనే అత్తింటి పేరుతో వేశారనుకుంటా, నీ పాస్‌పోర్టు పుట్టింటి పేరుతో ఉంది. అది టైపు తప్పు కాదు, దాన్ని కోర్టులో మార్పించే పని పెట్టుకోకు. రెండు పేర్లూ నావే అని ఒక అఫిడవిట్, పాత పెళ్లి సర్టిఫికెట్ జతచేస్తే సాధారణంగా సరిపోతుంది. పెళ్లి సర్టిఫికెట్ అసలుది కేసులో ఎగ్జిబిట్‌గా (సాక్ష్యంగా) వేశారేమో గుర్తుచేసుకో. వేసి ఉంటే దాన్ని వెనక్కి ఇమ్మని వేరే పిటిషన్ వేయాలి, కాపీ అప్లికేషన్‌తో పాటే ఆ పని కూడా చూడమను. మరీ ఆలస్యమైతే పాత ఫైళ్లలో కొన్ని కాగితాలు రూల్స్ ప్రకారం నాశనం చేసేస్తారు.

అబ్బాయి వాళ్లు ఇంకో మాట అడగొచ్చు, అప్పీలు ఏమైనా ఉందా అని. మీది ఇద్దరి ఒప్పుకోలుతో హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్ కింద ఇచ్చిన డిక్రీ. ఫ్యామిలీ కోర్టుల చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఒప్పుకోలు డిక్రీ మీద అప్పీలు లేదు, ధైర్యంగా చెప్పు. కొట్లాడి తెచ్చుకున్న డిక్రీ అయితే అప్పీలు గడువు దాటిందా, హైకోర్టులో ఎఫ్‌.సి.ఎ. (ఫ్యామిలీ కోర్టు అప్పీలు) ఏమైనా పడిందా అని చూశాకే ముహూర్తం పెట్టుకోవాలి.

మన కాగితం విదేశాల్లో చెల్లడానికి వేసే అపోస్టిల్ ముద్ర గురించి అడిగావట. అమెరికా ఇమ్మిగ్రేషన్ కాగితాలకి మామూలుగా కోర్టు సర్టిఫై చేసిన కాపీ చాలు. వేరే దేశంలో పెళ్లి రిజిస్టర్ చేసుకోవాలంటే అడుగుతారు. అప్పుడు ముందు రాష్ట్ర ప్రభుత్వం ధ్రువీకరణ, తర్వాత విదేశాంగ శాఖ ముద్ర. మీకు అవసరమైతేనే ఆ ఖర్చు పెట్టు.

ఇవాళ రాత్రి యాప్‌లో వెతికి సి.ఎన్‌.ఆర్‌. నంబరు దొరికితే నాకు వాట్సాప్ చెయ్యి. దొరక్కపోతే నీ జెరాక్స్ చివరి పేజీ ఫొటో పంపు, తీర్పు తేదీ అందులో ఉంటుంది. ఆ తేదీ పట్టుకుని రిజిస్టర్లో చూడమని నేను విజయవాడలో తెలిసిన గుమాస్తాకి చెప్తాను. కాపీ అప్లికేషన్ ఎలా రాయాలో ముసాయిదా విడిగా పంపుతున్నా, అందులో పేర్లు మాత్రం నీ పాస్‌పోర్టు ముందు పెట్టుకుని నింపు.

మీ పెదనాన్న