కాడి పుండుకు కలబంద గుజ్జు రాయవచ్చా?

ప్రశ్న: పత్తిలో గుంటుక తోలుతుంటే కాడి ఒరుసుకుపోయి మా ఎద్దు మెడ మీద చర్మం లేచింది. అరచేతి మేర పచ్చి పుండు. పది రోజులైనా ఆరడం లేదు. కలబంద గుజ్జు రాస్తే మానుతుందని ఒకరు, అందులో పసుపు, సున్నం కూడా కలపాలని ఇంకొకరు అంటున్నారు. దీనికి శాస్త్రీయ ఆధారం ఉందా?
– ఓ రైతు, పర్వతగిరి మండలం, వరంగల్ జిల్లా

జవాబు: కలబందకు గాయం మాన్పే గుణం ఉన్న మాట నిజమే. కానీ ముందు కాడి దించండి. రోజూ కాడి ఎక్కే మెడకు ఏ మందు రాసినా, రాత్రి పట్టిన పలుచని పొర పొద్దున్నే ఒరుసుకుపోతుంది. పది రోజులుగా ఆరలేదంటే నా అనుమానం మొదట దాని మీదికే పోతుంది.

కలబంద గుజ్జులో సుమారు 98 శాతం నీరే. మిగిలిన ఆ కాస్తలో ఉండే ఎసిమానన్ అనే జిగురు పదార్థం గాయం దగ్గర చేరే రక్షక కణాలను, కొత్త కండను అల్లే కణాలను ఉసికొల్పుతుంది. ఎలుకల గాయాలకు కలబంద వాడి చూసినప్పుడు చర్మానికి పట్టునిచ్చే కొల్లాజెన్ ఎక్కువగా ఏర్పడింది. మనుషుల విషయానికొస్తే, ఎక్స్‌రేల వల్ల దెబ్బతిన్న చర్మానికి తాజా కలబంద ఆకు వాడి నయం చేసినట్టు అమెరికాలో 1935లోనే ప్రచురించారు. కాలిన గాయాలున్న 371 మందిపై జరిగిన 4 అధ్యయనాలను 2007లో కలిపి చూస్తే, కలబంద వాడినవారికి దాదాపు 9 రోజులు ముందుగా మానాయి.

రెండో వైపు కూడా చెప్పాలి. కుట్లు వేయకుండా తెరిచి ఉంచిన ఆపరేషన్ గాయాలు మామూలు చికిత్సతో సగటున 53 రోజుల్లో మానితే, కలబంద గుజ్జు వాడినప్పుడు 83 రోజులు పట్టిందని 1991లో ఒక అధ్యయనం తేల్చింది. వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2012 సమీక్ష సైతం గాయాలకు కలబంద పనిచేస్తుందనడానికి రుజువులు చాలవంది. అందుకే నా సలహా ఇది: చర్మం పైపైన లేచిన పుండుకు రాయండి, లోతుగా దిగి చీము పట్టిన దానికి మాత్రం దీన్ని నమ్ముకోవద్దు.

సున్నం అసలే వద్దు. 250 గ్రాముల కలబంద, 50 గ్రాముల పసుపు, 15 గ్రాముల సున్నం కలిపిన ముద్ద పాడి పశువుల పొదుగువాపుకు చెప్పేది. చర్మం చెదరని పొదుగు మీద పూసేదాన్ని తెచ్చి పచ్చి పుండు మీద పెడితే మాంసం కాలిపోతుంది, ఎద్దు విలవిల్లాడుతుంది.

లీటరు నీళ్లు మరిగించి చల్లార్చి, 9 గ్రాముల ఉప్పు కలిపి పుండును కడగండి. కలబంద మట్టను కోసి, కోసిన వైపు కిందికి ఉండేలా పావుగంట నిలబెడితే పసుపు పచ్చని రసం కారిపోతుంది. అందులోని అలోయిన్ చర్మాన్ని మండిస్తుంది, కడుపులోకి పోతే పారుడు పెడుతుంది. జత ఎద్దు పక్కనే కట్టేసి ఉంటే మెడ నాకుతుంది కాబట్టి వేరుగా కట్టండి. మట్టను కడిగి, తోలు తీసి, లోపలి తెల్లని గుజ్జును పూటకు పూట తాజాగా తీసి రోజుకు రెండుసార్లు పలుచగా రాయండి. పొద్దున తీసింది సాయంత్రానికి దాచొద్దు, నిల్వ ఉంటే ఎసిమానన్ విరిగిపోతుంది.

ఇది వానాకాలం, ఈగలు వాలితే పురుగులు పడతాయి. పుండు వాసన వచ్చినా, చీము కారినా, చుట్టూ వేడిగా వాచినా, ఎద్దు మేత మానేసినా పశువైద్య సహాయ నంబరు 1962కు ఫోన్ చేయండి, లేదా దగ్గరి పశువైద్యశాలకు తోలుకెళ్లండి. పుండు మెడ మీద కాక మూపురం మీద ఉండి, మాని మళ్లీ మళ్లీ లేస్తుంటే అది ఈగలు మోసుకొచ్చే సన్నని పురుగు వల్ల కావచ్చు. దానికి కలబందతో పని లేదు, మందు వేరు.

కొత్త చర్మం పట్టాక వేలితో నొక్కి చూడండి. ఎద్దు మెడ లాక్కోకుండా నిలబడితేనే కాడి ఎత్తండి, అదీ మెడకు తగిలే చోట గరుకు లేకుండా నున్నగా చెక్కించి, పాత గుడ్డ మెత్తగా చుట్టిన తర్వాతే.