నెట్ స్పీడ్ ఫుల్‌గా ఉన్నా కంప్యూటర్ ఆగి ఆగి పనిచేస్తుంటే ముందు ఏం చూడాలి?

200 ఎంబీపీఎస్ ఫైబర్ ఉంది, స్పీడ్ టెస్ట్‌లో మొత్తం వస్తోంది, అయినా యూట్యూబ్ నత్తి కొడుతోంది, మీటింగ్‌లో మాట ముక్కలు ముక్కలుగా పోతోంది, పెద్ద ప్లాన్‌కి మారమంటారా అని అడిగారు. మారొద్దండి. 4కె వీడియోకి నెట్‌ఫ్లిక్స్ వాళ్ళు ఉండాలని చెప్పేదే 15 ఎంబీపీఎస్. మీకు దానికి పదింతలకు పైనే ఉంది. ఇబ్బంది కంప్యూటర్‌లో ఉందా, ఇంట్లో వైఫైలో ఉందా, బయట లైన్‌లో ఉందా అన్నది తేలేదాకా రూపాయి కూడా ఖర్చు పెట్టకండి.

గుంటూరులో మా అక్క వాళ్ళింట్లో అచ్చం ఇదే గొడవ నడిచింది. బావగారు కంప్లైంట్ ఇవ్వడం, కుర్రాడొచ్చి రూటర్ పక్కనే నిలబడి ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ చేసి "ఫుల్ వస్తోంది సార్" అని వెళ్ళిపోవడం. అతను అబద్ధం చెప్పలేదు. లైన్‌లో నిజంగానే ఫుల్ వస్తోంది. మోటారు ఎంత ధారగా పోసినా పిల్లకాలువ పూడిపోతే నీళ్ళు మడికి చేరవు కదా, అలాగన్నమాట.

పండక్కి వెళ్ళినప్పుడు ఆ కంప్యూటర్ ముందు కూర్చుని, ఆగుతున్న వీడియో మీదే రైట్ క్లిక్ చేసి 'స్టాట్స్ ఫర్ నెర్డ్స్' తెరిచాను. మీరూ ఇక్కడి నుంచే మొదలుపెట్టండి. అందులో రెండు లైన్లు చాలు. 'బఫర్ హెల్త్' అంటే ముందుగా దిగి సిద్ధంగా ఉన్న వీడియో ఎన్ని సెకన్లో చూపిస్తుంది. 'ఫ్రేమ్స్' లైన్‌లో 'డ్రాప్డ్' అని ఉండేది, అంటే డ్రాప్డ్ ఫ్రేమ్స్, కంప్యూటర్ చూపించలేక వదిలేసిన బొమ్మల లెక్క. వీడియో ఆగినప్పుడల్లా బఫర్ సున్నాకి పడిపోతుంటే తప్పు నెట్‌ది. బఫర్ నిండుగా ఉండి డ్రాప్డ్ ఫ్రేమ్స్ పెరుగుతూ పోతుంటే నెట్‌ని అనడానికి లేదు, వీడియో ఇప్పటికే మీ ఇంట్లోకి వచ్చేసింది, దాన్ని విప్పి చూపించడం మీ కంప్యూటర్ వల్ల కావడం లేదు. అక్క వాళ్ళింట్లో బఫర్ నిండుగానే ఉంది, డ్రాప్డ్ ఫ్రేమ్స్ మాత్రం చూస్తుండగానే ఎగబాకుతున్నాయి.

అప్పుడు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచాను. పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ 100 శాతం. అంతకన్నా ముఖ్యమైనది దాని కిందే ఉండే 'స్పీడ్' అంకె, దీన్ని చాలామంది చూడరు. పక్కన బేస్ స్పీడ్ 3 గిగాహెర్ట్జ్ పైన రాసి ఉంటే, అసలు నడుస్తున్నది 1 కూడా లేదు. పని లేనప్పుడు ఆ అంకె తగ్గడం మామూలే. నిండా పని ఉన్నప్పుడు కూడా అంతలా పడిపోయిందంటే ఎక్కువసార్లు వేడే కారణం. వేడెక్కితే ప్రాసెసర్ కాలిపోకుండా తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. మూత తీస్తే ఫ్యాన్ కింద ప్రాసెసర్ వేడిని లాగేసే హీట్‌సింక్ రేకుల మధ్య దుమ్ము దూది పరుపులా పేరుకుపోయి ఉంది. కరెంటు ప్లగ్ తీసేసి, ఫ్యాన్ రెక్క తిరగకుండా వేలితో పట్టుకుని బ్లోయర్ కొట్టి, ప్రాసెసర్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య వేడిని దాటించే థర్మల్ పేస్ట్ ఎండిపోతే పాతది తుడిచి కొత్తది పెట్టాం. స్పీడ్ అంకె మళ్ళీ 3 దాటింది.

పాత ప్రాసెసర్ అయితే ఇంకో చిక్కు ఉంటుంది. యూట్యూబ్ ఇప్పుడు ఎక్కువగా వీపీ9, ఏవీ1 అనే ఫార్మాట్లలో వీడియో పంపుతుంది. వాటిని విప్పే ఏర్పాటు పాత చిప్పుల్లో ఉండదు. ఇంటెల్‌లో ఏవీ1 కోసం అది వచ్చిందే 11వ తరంలో. అది లేకపోతే భారమంతా సీపీయూ నెత్తిన పడుతుంది. బ్రౌజర్‌లో హెచ్264ఫై అనే ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే పాత హెచ్264 ఫార్మాట్‌లోనే వీడియో వస్తుంది. 1080పి దాటి రాదు, మామూలు మానిటర్‌కి అది చాలు. బ్రౌజర్ సెట్టింగ్స్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్, అంటే వీడియో పనిని గ్రాఫిక్స్ చిప్‌కి అప్పగించే ఆప్షన్, ఆన్‌లో ఉందో లేదో కూడా చూసుకోండి.

టాస్క్ మేనేజర్‌లో సీపీయూ బాగానే ఉండి డిస్క్ 100 దగ్గర అతుక్కుపోతే మాత్రం, 4 జీబీ ర్యామ్, తిరిగే పాత హార్డ్ డిస్క్ ఉన్న సిస్టమ్ అయి ఉంటుంది. ర్యామ్ చాలక విండోస్ పదేపదే డిస్క్ మీదికి వెళ్తుంది. ఎస్ఎస్‌డీ వేసి ర్యామ్ 8 జీబీ చేయండి. పెద్ద నెట్ ప్లాన్‌కి పెట్టాలనుకున్న డబ్బు దీనికి పెడితే తేడా మొదటి రోజే తెలుస్తుంది. పీసీ బూస్టర్, క్లీనర్ అంటూ వచ్చే సాఫ్ట్‌వేర్ల జోలికి మాత్రం దయచేసి పోకండి. ఉన్న బరువు చాలదన్నట్టు అవీ వెనకాల నడుస్తూ ఉంటాయి.

ఇక మీటింగ్‌లో మాట తెగడం. దీనికి స్పీడ్‌తో పని చాలా తక్కువ. మాట నెట్‌లో ప్యాకెట్లు అనే చిన్న చిన్న ముక్కలుగా వెళ్తుంది, ప్రతి ప్యాకెట్ టైముకి చేరుతోందా అన్నదే లెక్క. వీడియోలాగా మాటను ముందే నింపి పెట్టుకోలేం కదా. కమాండ్ ప్రాంప్ట్ రెండు విండోలు తెరవండి. ఒకదాంట్లో ping -t కొట్టి రూటర్ అడ్రస్ ఇవ్వండి, చాలా ఇళ్ళల్లో 192.168.1.1 ఉంటుంది. రెండోదాంట్లో అలాగే 8.8.8.8 ఇవ్వండి, అది బయట ఉండే గూగుల్ సర్వర్ అడ్రస్. కాల్ మాట్లాడుతూ రెండూ గమనించండి. రూటర్ ఇంట్లోనే ఉంది కాబట్టి దాని జవాబు కొద్ది మిల్లీసెకన్లలో రావాలి. అదే 200, 300కి ఎగురుతుంటే గొడవ మీ వైఫైలోనే ఉంది.

అక్క వాళ్ళింట్లో ఇదీ ఉంది. రూటర్ ఇనుప బీరువా వెనక మేకుకి వేలాడుతోంది. కంప్యూటర్‌కి పెట్టిన వైఫై డాంగిల్ వెనక యూఎస్‌బీ పోర్ట్‌లో, ఆ పక్కనే యూఎస్‌బీ 3 బయటి హార్డ్ డిస్క్. యూఎస్‌బీ 3 వైర్ల నుంచి వచ్చే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ వైఫైని దెబ్బతీస్తుందని ఇంటెల్ 2012లోనే చెప్పింది. రూటర్‌ని హాల్లోకి మార్చి, కంప్యూటర్‌ని రూటర్ ఇచ్చే 5 గిగాహెర్ట్జ్ వైఫైకి కలిపి, డాంగిల్‌ని ఎక్స్‌టెన్షన్ వైర్‌తో బల్ల మీదికి తెచ్చాం. మీ డెస్క్‌టాప్ కదలకుండా ఒకేచోట ఉండేదైతే ఇవేవీ వద్దు, తిన్నగా ల్యాన్ కేబుల్ లాగేయండి, ఆ టెన్షన్ తీరిపోతుంది.

రూటర్ జవాబు బాగుండి 8.8.8.8 ఒక్కటే ఎగురుతుంటే, ముందు ఇంట్లో ఎవరి ఫోనైనా ఫొటోలు క్లౌడ్‌లోకి ఎక్కిస్తోందేమో చూడండి. అప్‌లోడ్ నిండిపోతే మిగతా ప్యాకెట్లన్నీ దాని వెనక వరసలో నిలబడాల్సిందే. ఫాస్ట్ డాట్ కామ్‌లో టెస్ట్ అయ్యాక 'షో మోర్ ఇన్ఫో' నొక్కితే, లైన్ ఖాళీగా ఉన్నప్పుడు, నిండుగా ఉన్నప్పుడు లేటెన్సీ, అంటే జవాబు రావడానికి పట్టే టైమ్, ఎంతో విడివిడిగా చూపిస్తుంది. రెండింటికీ పెద్ద తేడా ఉంటే ఇదే కారణం. బ్యాకప్‌ని రాత్రికి మార్చండి, రూటర్‌లో క్యూఓఎస్ అనే సెట్టింగ్ (దేనికి ముందు దారి ఇవ్వాలో చెప్పేది) ఉంటే అప్‌లోడ్‌కి హద్దు పెట్టండి.

ఎవరూ ఏమీ ఎక్కించకపోయినా, ల్యాన్ కేబుల్ మీద కూడా అలాగే ఎగురుతుంటే, అప్పుడు కంపెనీకి ఫోన్ చేయండి. స్పీడ్ తక్కువగా ఉందని చెప్పకండి, మళ్ళీ ఫోన్‌తో టెస్ట్ చేసి వెళ్ళిపోతారు. రెండు పింగ్ విండోలూ పక్కపక్కన కనిపించేలా, టైమ్ కూడా పడేలా స్క్రీన్‌షాట్ తీసి పంపండి.