కార్నీలియా ఫోర్ట్ గురించి రాసేటప్పుడు

అమ్మాయీ,

రెండో ప్రపంచయుద్ధ కాలపు అమెరికన్ పైలట్ కార్నీలియా ఫోర్ట్ మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. ప్రేమగా రాశావు. కానీ మొదటి పేరాలో వీరనారి, ధీరవనిత, అమరురాలు అన్న మాటలే తప్ప ఆమె లేదు. పేరు మార్చేస్తే అది ఎవరికైనా సరిపోతుంది. మొత్తం కొట్టెయ్యి.

ముందు ఆమె పనేమిటో చెప్పు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన సైనిక విమానాన్ని నడుపుకుంటూ వెళ్లి స్థావరంలో అప్పగించి రావడం. ఆమె శత్రువు కాల్పుల్లో పోలేదు. 1943 మార్చి 21న, లాంగ్ బీచ్ నుంచి డల్లాస్‌కు బీటీ-13 శిక్షణ విమానాలు చేరవేస్తుండగా, టెక్సాస్‌లోని మెర్కెల్ దగ్గర తోటి విమానం చక్రం ఆమె ఎడమ రెక్కకు కొట్టుకుంది. బీటీ-13 చక్రాలు లోపలికి ముడుచుకోవు, ఎగిరినంతసేపూ కిందికి వేలాడుతూనే ఉంటాయి. ఈ ఒక్క సంగతీ రాస్తే చాలు, దగ్గరదగ్గరగా ఎగరడంలోని ప్రమాదం చదివేవాళ్లకు కళ్లకు కడుతుంది. అప్పటికి ఆమెకు 24 ఏళ్లు.

'మొదటి' అన్న మాటతో జాగ్రత్త. విధుల్లో ఉండగా మరణించిన తొలి అమెరికన్ మహిళా పైలట్ అంటే సరే. ఆ యుద్ధకాలంలో అమెరికా సైన్యం విమానాలు నడుపుతూనో, నేర్చుకుంటూనో ప్రాణాలు కోల్పోయిన 38 మంది మహిళల్లో మొదటామె అన్నావు, అది తప్పు. రెండు వారాల ముందే, మార్చి 7న, హ్యూస్టన్‌లో శిక్షణ పొందుతున్న మార్గరెట్ ఓల్డెన్‌బర్గ్ విమానం కూలి చనిపోయింది. కార్నీలియాను వాస్ప్ (సైన్యం కోసం విమానాలు నడిపిన మహిళల దళం) పైలట్ అనడమూ పొరపాటే. ఆ దళం ఏర్పడింది 1943 ఆగస్టులో. కార్నీలియా పనిచేసింది అంతకు ముందున్న వాఫ్స్‌లో, అంటే విమానాలు చేరవేసే మహిళల దళంలో.

జపాన్ పెర్ల్ హార్బర్ మీద దాడి చేసిన ఉదయాన్ని రెండు పేజీలు సాగదీశావు. హోనలులు మీద విద్యార్థికి విమానం నేర్పుతూ, ఎదురొస్తున్న విమానాన్ని చూసి కంట్రోల్స్ తన చేతిలోకి లాక్కుంది. తప్పించుకున్నాక గాని దాని రెక్కల మీది ఎర్ర గుండ్రాలు, అంటే జపాన్ గుర్తులు, కనబడలేదు. ఇంతే చాలు.

మిగిలిన చోటు దీనికివ్వు. సైన్యం విమానాలు నడిపిన ఈ ఆడపిల్లలు కాగితాల మీద సివిలియన్లు. చనిపోతే సైనిక లాంఛనాలు లేవు, శవపేటిక మీద జెండా కప్పించుకునే హక్కు లేదు. శవాన్ని ఇంటికి పంపడానికి తోటి పైలట్లు చందాలు వేసుకున్న సందర్భాలున్నాయి. మాజీ సైనికుల హోదా 1977లో గాని రాలేదు. నువ్వేమో శీర్షికలోనే 'సైనిక పైలట్' అన్నావు. ఆ మాట ఉంచు, నాకూ అదే న్యాయమనిపిస్తుంది. కానీ ఆమె బతికుండగా ప్రభుత్వం ఆ మాట అనలేదని వెంటనే చెప్పు.

తిరగరాసి పంపు. ఓల్డెన్‌బర్గ్ పేరు మరిచిపోకు.