మాటలు తక్కువ పిల్ల ఏటీసీకి పనికిరాదని ఎవరన్నారు అన్నా?

నమస్తే అన్నా. మీరు పంపిన మెసేజ్ రెండుసార్లు చదివాను. రేణిగుంట నుంచి శ్రీకాళహస్తి పోయే లైన్లో ఇరవై రెండేళ్లుగా రైల్వే గేట్‌మన్‌గా చేస్తున్నారు, పాప తిరుపతిలో బీఎస్సీ రెండో సంవత్సరం, ఫిజిక్స్ మేజర్. గాల్లో ఉన్న విమానానికి రేడియో తెగిపోతే కంట్రోలర్లు దాన్ని ఎలా దింపారో ఏదో వీడియోలో చూసి, తనూ ఏటీసీ ఆఫీసర్, అంటే కింద నుంచి విమానాలకు దారి చెప్పే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ అవుతానని పట్టుబట్టింది. "మా పాప నలుగురిలో నోరు తెరవదు, అంత టెన్షన్‌లో ఏం చేయాలో దానికి ఎలా తోస్తుంది, బీఈడీ చేయించి టీచర్‌ని చేస్తే పోతుంది కదా" అని మీరు అడిగారు.

టీచర్ ఉద్యోగానికి నేను వంక పెట్టను. కానీ పాప ఆ వీడియోలో ఏం చూసిందో మీకు కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ భయమంతా అక్కడే ఉంది.

కంట్రోలర్ పిలిచాడు, పైలట్ పలకలేదు. మళ్లీ పిలిచాడు, పలకలేదు. వెంటనే గుండె జారిపోయే పరిస్థితి కాదది. చాలాసార్లు పైలట్ ఫ్రీక్వెన్సీ మార్చేటప్పుడు ఒక అంకె తప్పు తిప్పి ఉంటాడు, లేదా వాల్యూమ్ తగ్గిపోయి ఉంటుంది. అందుకే ముందు, అంతకుముందు ఆ విమానం మాట్లాడిన కంట్రోలర్‌ని అడుగుతారు, ఆ దరిదాపుల్లో ఉన్న వేరే విమానం పైలట్‌ని "మీరొకసారి పిలిచి చూడండి" అంటారు, 121.5 అనే అత్యవసర ఫ్రీక్వెన్సీలో పిలుస్తారు, ఎయిర్‌లైన్ ఆఫీసుకు ఫోన్ చేసి కాక్‌పిట్‌కి మెసేజ్ పెట్టిస్తారు. వినిపిస్తోంది కానీ మాట్లాడలేకపోతున్నాడేమో అనే అనుమానం ఉంటే, "వినిపిస్తే ఐడెంట్ నొక్కండి" అంటారు, అది కాక్‌పిట్‌లో ఉండే ఒక బటన్. నొక్కితే రాడార్ తెర మీద ఆ విమానం గుర్తు ప్రత్యేకంగా కనిపిస్తుంది. అంతే, సగం సమస్య తీరినట్టే.

నిజంగానే రేడియో పోతే పైలట్ ట్రాన్స్‌పాండర్‌లో, అంటే విమానం గుర్తును రాడార్‌కి పంపే పరికరంలో, 7600 పెడతాడు. ఆ నంబర్‌కి ప్రపంచమంతా ఒకటే అర్థం. మబ్బుల్లో ఉంటే, అప్పటివరకు చెప్పిన ఎత్తు, వేగం అలాగే పట్టుకుని వెళ్లాలి, రాడార్ ఉన్నచోట 7 నిమిషాలు, లేనిచోట 20 నిమిషాలు, ఆ తర్వాత ముందే రాసిచ్చిన ఫ్లైట్ ప్లాన్ ప్రకారం పోవాలి. పైలట్ ఇలా చేస్తాడని కింద ఉన్న మనిషికి తెలుసు. కాబట్టి దారిలో ఉన్న మిగతా విమానాలను పక్కకు జరిపి, తర్వాతి కంట్రోల్ సెంటర్లకు చెప్పి, దారి ఖాళీ చేసి పెడతాడు. ఇద్దరికీ మాటల్లేవు, కానీ ఇద్దరూ చదివింది ఒకే రూలు.

రన్‌వే దగ్గరికి వచ్చాక టవర్లోంచి ఒక లైటు చూపిస్తారు. చేత్తో పట్టుకుని గురిపెట్టే పెద్ద టార్చ్ లాంటిది. ఆగకుండా వెలిగే పచ్చ లైటు చూపిస్తే దిగొచ్చని, ఎర్ర లైటు చూపిస్తే ఇంకో విమానానికి దారి ఇచ్చి చుట్టూ తిరుగుతూ ఉండమని. పగలైతే పైలట్ రెక్కలు అటూ ఇటూ ఊపి "చూశాను" అంటాడు. నాకు ఇది తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

2017 ఫిబ్రవరిలో ముంబై నుంచి లండన్ పోతున్న జెట్ ఎయిర్‌వేస్ విమానానికి జర్మనీ మీద కంట్రోలర్లతో మాట తెగిపోతే, అక్కడి వైమానిక దళం ఫైటర్ విమానాలు పక్కన ఎగురుతూ వచ్చాయి. తర్వాత మాట కలిసింది, లండన్‌లో క్షేమంగా దిగింది.

ఇప్పుడు మీ గేటు సంగతికి వస్తాను. స్టేషన్ మాస్టర్ ఫోన్‌లో ప్రైవేట్ నంబర్, అంటే మాట ఖరారైందని ఇచ్చే రహస్య అంకె, చెబితే మీరేం చేస్తారు? రిజిస్టర్లో రాసుకుని, తిరిగి చెప్పి, మీ నంబర్ ఇస్తారు, అవతల ఎంత హడావిడి ఉన్నా, గేటు బయట బైకులవాళ్లు ఎంత అరుస్తున్నా. అక్కడ ధైర్యం కంటే క్రమం తప్పకపోవడమే ముఖ్యం. ఏటీసీలో కూడా రోజంతా అదే పని. కంట్రోలర్ చెప్పింది పైలట్ తిరిగి చెప్పాలి, అందులో ఒక్క అంకె తేడా వచ్చినా కంట్రోలర్ పట్టుకోవాలి. నైన్, ఫైవ్ అనేవి రేడియో గరగరలో ఒకేలా వినబడకూడదని "నైనర్", "ఫైఫ్" అని పలుకుతారు. వాగుడుకాయ కంటే, శ్రద్ధగా విని నాలుగు మాటలు స్పష్టంగా చెప్పే పిల్లే ఈ కుర్చీకి నప్పుతుంది. మీ ఇంట్లో పెరిగిన పిల్లకు ఈ పద్ధతి కొత్త కాదన్నా.

అర్హత విషయం జాగ్రత్తగా చూడండి. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా ఏటీసీలో తీసుకునే జూనియర్ ఎగ్జిక్యూటివ్ పోస్టుకి రెగ్యులర్ బీఎస్సీలో ఫిజిక్స్, మాథ్స్ రెండూ ఉండాలి, లేదంటే బీటెక్. మన రాష్ట్రంలో డిగ్రీకి ఒకే ప్రధాన సబ్జెక్టు (మేజర్), దానికి తోడు ఇంకో సబ్జెక్టు (మైనర్) అనే పద్ధతి వచ్చాక చాలామంది పిల్లలు ఇక్కడే దెబ్బతింటున్నారు. పాప మైనర్ మాథ్స్ అవునో కాదో ఈ వారమే కాలేజీలో కనుక్కోండి. కెమిస్ట్రీయో కంప్యూటర్సో తీసుకుని ఉంటే, ఏం చేయొచ్చో ప్రిన్సిపాల్‌తో మాట్లాడండి, ఆలస్యం చేయొద్దు. దూరవిద్య డిగ్రీ పనికిరాదు. జనరల్ కేటగిరీకి వయసు 27 దాటకూడదు, రిజర్వేషన్ ఉంటే సడలింపు ఉంది. కంప్యూటర్ పరీక్ష తర్వాత వాయిస్ టెస్ట్, మానసిక పరీక్ష, మెడికల్ ఉంటాయి. జీతం స్కేలు 40,000 దగ్గర మొదలవుతుంది, అలవెన్సులు వేరు.

ఎవరైనా "ఏటీసీ కోర్సు, గ్యారంటీ ఉద్యోగం" అని లక్షలు అడిగితే ఒక్క రూపాయి కట్టొద్దు. సెలెక్ట్ అయ్యాక శిక్షణ ఎయిర్‌పోర్ట్స్ అథారిటీయే ఇస్తుంది, ప్రయాగ్‌రాజ్, హైదరాబాద్, గోండియాలో దాని సెంటర్లు ఉన్నాయి. నైట్ షిఫ్టులు ఉంటాయి, పోస్టింగ్ దేశంలో ఎక్కడైనా రావచ్చు, రేణిగుంటలోనే వస్తుందని ఆశ పెట్టుకోకండి. ఇది పాపతో ముందే మాట్లాడండి.

ఇంగ్లీష్ ఒక్కటే పాపకు కష్టం కావచ్చు. రోజూ పావుగంట మీరే పది అంకెలు చదవండి, పాప ఇంగ్లీషులో ఒక్కొక్కటిగా, తొందరపడకుండా తిరిగి చెప్పాలి. కళ్ల డాక్టర్ దగ్గర రంగుల పరీక్ష కూడా ఇప్పుడే చేయించండి. అద్దాలుంటే ఫర్వాలేదు కానీ ఎరుపు, పచ్చ తేడా తెలియకపోతే మాత్రం మెడికల్‌లో ఆగిపోతుంది. రెండు సంవత్సరాలు చదివి చివర్లో ఆ మాట వినడం కంటే ఇప్పుడే తెలుసుకోవడం మేలు. మైనర్ ఏమిటో కనుక్కుని నాకు రాయండి, దాన్ని బట్టి ప్రిపరేషన్ ఎలాగో చెబుతాను.