అక్వేరియంలో వేసిన నత్తలు ఒక్కొక్కటిగా చనిపోతున్నాయి, ఎందుకు?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లె. రొయ్యల చెరువులున్నాయి. పిల్లలు ముచ్చటపడితే ఇంట్లో 200 లీటర్ల ఉప్పునీటి అక్వేరియం పెట్టాం. ఉప్పుటేరు నీళ్లు తెచ్చి, ఉప్పు కలిపి 26 పీపీటీకి (వెయ్యి పాళ్ల నీటిలో 26 పాళ్ల ఉప్పు) తెచ్చాను. క్లౌన్ చేపలు బాగానే ఉన్నాయి. రెండు నెలల కిందట వాటికి తెల్లమచ్చలు వస్తే కాపర్ మందు వేశాను, తగ్గింది. తర్వాత పాచి తింటాయని 10 టర్బో నత్తలు వదిలాను. మర్నాటికే మూడు పోయాయి. మిగతావి మూడు వారాలుగా ఒక్కొక్కటే పోతూ ఇప్పుడు రెండు మిగిలాయి. ఏం చేయాలి?

జవాబు: చెరువులో నత్తలు పెరిగితే ఏం చల్లుతారో మీకు తెలుసు. మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్. చెరువులో చంపడానికి వాడే ఆ రాగినే అక్వేరియంలో మందు పేరుతో మీరే పోశారు. చేప తట్టుకునే మోతాదు నత్తకు విషం. జబ్బు తగ్గింది కదా, మందు పోయి ఉంటుందిలే అనుకోకండి. రాళ్లు, ఇసుక రాగిని పీల్చుకుని ఆ తర్వాత చాలాకాలం కొద్దికొద్దిగా నీటిలోకి వదులుతూనే ఉంటాయి. మూడు వారాల పాటు ఒక్కొక్కటే పోయిందంటే నా అనుమానం దీని మీదే.

మర్నాడే పోయిన ఆ మూడింటి సంగతి వేరు. అది ఉప్పు తేడా దెబ్బలా ఉంది. సముద్రపు నీరు 35 పీపీటీ దగ్గర ఉంటుంది, షాపులో నత్తల్ని సాధారణంగా అలాంటి నీళ్లలోనే ఉంచుతారు. అక్కడి నుంచి ఒక్కసారిగా 26లో పడ్డాయి. వనామీ రొయ్య 5 పీపీటీలోనూ సర్దుకుంటుంది గానీ నత్తకు ఆ శక్తి లేదు. బయటి నీటిలో ఉప్పు ఎంతుంటే దాని ఒంట్లోనూ అంతకే దిగుతుంది. చెరువులో సీడ్, అంటే రొయ్య పిల్లల్ని, వదిలేటప్పుడు సంచిలోకి చెరువు నీళ్లు కొద్దికొద్దిగా కలుపుతారు కదా, నత్తకు అంతకన్నా ఓపిక కావాలి. సన్నటి ఎయిర్ ట్యూబుకు ముడి వేసి, నత్తలున్న నీటిలోకి ట్యాంకు నీళ్లు బొట్టుబొట్టుగా పడేలా రెండు గంటల పాటు అలవాటు చేయాలి.

ముందు ఆ రెండింటినీ కాపాడుకోండి. ఆర్‌ఓ నీళ్లలో అక్వేరియం ఉప్పు కలిపి, అదే 26 పీపీటీతో వేరే బకెట్‌లో ఏరేటర్ పెట్టి వాటిని అందులోకి మార్చండి. నీళ్లు తరచూ మారుస్తూ రోజుకు ఒక పీపీటీ చొప్పున పెంచితే తొమ్మిది రోజుల్లో 35కి చేరతాయి. ఈలోగా ట్యాంకులోనూ ఉప్పు నెమ్మదిగా పెంచండి. నీళ్లు మారుస్తూ, ఫిల్టర్‌లో రాగిని పట్టే రెసిన్ పెట్టండి. కాపర్ టెస్ట్ కిట్‌లో వరుసగా కొన్ని వారాలు సున్నా వచ్చేదాకా నత్తల్ని మళ్లీ వదలొద్దు. ఇకమీదట చేపలకు మందు వేయాలంటే వేరే ట్యాంకులోనే.

ఉప్పుటేరు నీళ్లు మానేయండి. కొల్లేరు నీరంతా దిగేది అందులోకే, చెరువుల నుంచి వదిలే నీళ్లూ అందులోకే. వానాకాలంలో ఉప్పు ఎంతుంటుందో ఏరోజుకారోజు చూసుకోవాల్సిందే. ఇంకొకటి, ట్యాంకులో ఆవిరైన నీటికి బదులు మంచి ఆర్‌ఓ నీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు కాదు. ఆవిరయ్యేది నీరే, ఉప్పు అక్కడే ఉండిపోతుంది.

గుల్ల గట్టిపడటానికి కాల్షియం 400–450 పీపీఎం (పది లక్షల పాళ్లలో ఎన్ని పాళ్లో ఆ లెక్క), ఆల్కలినిటీ (నీటి క్షారత) 140–200 పీపీఎం ఉంటే చాలు. చెరువుకు వాడే కిట్‌తో ఆల్కలినిటీ చూసుకోవచ్చు.

తిండి సంగతి చాలామంది మరిచిపోతారు. 200 లీటర్ల ట్యాంకులో పది టర్బోలంటే ఉన్న పాచి కొద్ది రోజుల్లోనే అయిపోతుంది, తర్వాత పస్తే. అద్దం శుభ్రంగా మెరుస్తుంటే మనకు సంతోషమే గానీ నత్తకు మెతుకు లేనట్టే. వారానికి రెండు మూడుసార్లు ఎండు సముద్రపు నాచు ముక్కను రాయికి కట్టి వేయండి. వెల్లకిలా పడితే టర్బో చాలాసార్లు తనంతట తాను తిరగలేదు, చేత్తో సరిచేయాలి. కదలకుండా ఉన్నదాన్ని బయటికి తీసి వాసన చూడండి. చచ్చిందైతే ఆ కంపు మీకే తెలుస్తుంది. వెంటనే తీసేయకపోతే అమ్మోనియా పెరిగి చేపలకూ ముప్పే.

కొత్తవి ఇప్పుడే కొనకండి. మీ ట్యాంకుకు ఉన్న రెండే సరిపోతాయి.