బొంబాయిలో పుట్టిన డాలరు

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

సింగపూరులో ఎవరో 1935 నాటి బ్రిటిష్ వర్తక డాలరు (బ్రిటిష్ వాళ్లు తూర్పు రేవుల వర్తకం కోసం ముద్రించిన వెండి నాణెం) చవకగా ఇస్తానన్నాడని రాశావు. కొనవద్దు. ఆ ఏడాది 68 లక్షలకు పైగా ముద్రించారని పట్టికల్లో ఉంటుంది. ఆ అంకె చూసి సులువుగా దొరుకుతుందనుకోకు, వాటిలో చాలా భాగం కరిగించేశారు. మిగిలిన కాసిని నాణేల విలువ తెలిసినవాడు చవకగా ఇవ్వడు. 1921 తేదీ ఉన్నవైతే అసలు చెలామణీలోకే వెళ్లలేదు. ఈ రెండు తేదీలు ఎక్కడ కనిపించినా ముందు నకిలీ అనే అనుకో. అంత సొమ్ము పెట్టే రోజు వస్తే, పేరున్న సంస్థ పరీక్షించి చిన్న పెట్టెలో పెట్టి సీలు వేసిన నాణెమే తీసుకో. ఆ సీలులోని నంబరు కూడా సంస్థ జాబితాలో సరిచూసుకో. ఈమధ్య సీలు పెట్టెలకూ నకిలీలు వస్తున్నాయి.

ముందు మామూలు సంవత్సరాలతో మొదలుపెట్టు. 1899, 1902, 1908, 1911 లాంటివి తేలిగ్గానే దొరుకుతాయి. చైనా తీరంలో వర్తకులు మెక్సికో వెండి డాలరునే నమ్మేవారు. అది సరిపడా రాకపోవడంతో హాంకాంగ్, మలయా రేవుల కోసం 1895 నుంచి ఈ డాలరును ముద్రించారు. ముద్రించింది ఎక్కువగా మన బొంబాయి టంకశాలలోనే. అందుకే నాకు దీనిమీద కాస్త పక్షపాతం. ఒకవైపు త్రిశూలం, డాలు పట్టుకుని నిలబడ్డ బ్రిటానియా, అంటే బ్రిటన్‌కు ప్రతీకగా గీసే స్త్రీమూర్తి, ఉంటుంది. రెండోవైపు నడుమ దీర్ఘాయువును సూచించే చైనా అక్షరం, విలువ చైనా లిపిలోనూ మలయా వాళ్ల జావీ లిపిలోనూ ఉంటాయి. త్రిశూలం మధ్య మొనపై చిన్న ‘బి’ అక్షరం కనిపిస్తే బొంబాయిది, బ్రిటానియా పాదం దగ్గర ‘సి’ ఉంటే కలకత్తాది. ఏ గుర్తూ లేకుండా 1925, 1930లో లండన్‌లో కొన్ని ముద్రించారు. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం కొనుక్కో. 1909లో ‘9’ కింద పాత ‘8’ గీత తొంగిచూసే నాణేలున్నాయి, వాటికి వేరే ధర.

ఇక పరీక్ష. బరువు 26.95 గ్రాములు, అడ్డకొలత 39 మిల్లీమీటర్లు, నూటికి 90 పాళ్లు వెండి. అరుగుదలకు కాస్త తగ్గితే ఫరవాలేదు, గ్రాముకు మించి తేడా వస్తే వెనక్కి ఇచ్చేయి. బరువు సరిపోయినా సంబరపడకు. గ్లాసులో నీళ్లు పోసి చిన్న త్రాసుమీద పెట్టి, త్రాసును సున్నాకు తెచ్చి, నాణేన్ని సన్నని దారంతో కట్టి అడుగుకూ అంచుకూ తగలకుండా నీళ్లలో వేలాడదియ్యి. త్రాసు దాదాపు 2.6 గ్రాములు చూపాలి. మూడు దాటితే అది వెండి కాదు. అయస్కాంతానికి అంటుకోకపోవడం ఒక్కటే చాలదు, ఇత్తడీ అంటుకోదు. అంచు చుట్టూ పోత అతుకు గీత ఉందేమో కూడా చూడు.

చిన్న చిన్న ముద్రగుంతలున్న నాణేలు కనిపిస్తే చీదరించుకోకు. చైనా షరాబులు వెండి మంచిదని తేల్చుకుని తమ గుర్తు కొట్టేవారు. అమెరికా కూడా చైనా వర్తకం కోసమే 1873లో 420 గ్రెయిన్ల (సుమారు 27 గ్రాముల) డాలరు తెచ్చింది. 1887లో వాటిని వెనక్కి తీసుకున్నప్పుడు ఈ ముద్రలున్నవాటిని తీసుకోలేదు. ఆనాడు కాదన్న నాణేలనే ఈనాడు ప్రత్యేకంగా వెతికి కొనేవాళ్లున్నారు. నాకూ మెరిసే నాణెం కంటే పది చేతులు మారిన ఇలాంటిదే ఇష్టం. అయితే నకిలీకి పాతదనం తేవడానికీ ముద్రలు కొడుతున్నారు, కాబట్టి తూకం మాత్రం మానకు.

మీ అమ్మకు ఒక మాట గట్టిగా చెప్పు: పూజసామాను తోమినట్టు చింతపండుతోనో విభూతితోనో వీటిని తోమకూడదు. నల్లబడ్డ పొరను గీకేస్తే ధర సగానికి పడిపోవచ్చు, పోయిన ఆ పొర మళ్లీ రాదు. అంచులు పట్టుకునే తియ్యి. మెత్తని పీవీసీ కవర్లలో పెడితే కొన్నేళ్లకు ఆకుపచ్చ జిగురు పడుతుంది. రబ్బరు బ్యాండు, ఉన్నిగుడ్డ దగ్గరికి కూడా రానివ్వకు. మన విశాఖ తేమకు పెట్టెలో సిలికా పొట్లం తప్పనిసరి.

చివరిగా, రశీదు లేకుండా ఏదీ కొనకు. ఇంటికి తెచ్చేటప్పుడు కస్టమ్స్ వాళ్లకు చూపించు. మన చట్టం ప్రకారం వందేళ్లు నిండిన నాణెం పురావస్తువు కిందికి వస్తుంది. ఒకసారి దేశంలోకి వచ్చాక దాన్ని నీ అంతట నువ్వు బయటికి తీసుకెళ్లడం కుదరదు. సింగపూరులోనే అమ్ముకోవాలనుకునే వాటిని ఇక్కడికి తేకుండా అక్కడే లాకరులో ఉంచు.

ఇట్లు,
మావయ్య